బొమ్మను కదిలించేది ఎవరు?

సమాజంలోని అసమానతను పిల్లలు మొదట పుస్తకాల్లో చదివి తెలుసుకోరు. పుస్తకం తెరవకముందే దానిని కళ్ళారా చూసి ఉంటారు. ఇంట్లో పనిచేసే మనిషికి టీ పోసే గ్లాసు వంటింటి కిటికీలో వేరుగా బోర్లించి ఉంటుంది. ఒక వీధికి మంచినీరు కుళాయిలో వస్తే పక్క వీధికి వారానికి రెండుసార్లు ట్యాంకరులో వస్తుంది. బడి నుంచి వచ్చిన తమ్ముడు బ్యాటు పట్టుకొని ఆటకు పోతే, అదే బడి నుంచి వచ్చిన అక్క అంట్ల ముందు కూర్చుంటుంది. ఇవన్నీ పిల్లలు గమనిస్తూనే ఉంటారు. ఎందుకిలా ఉన్నదని అడిగినప్పుడు మాత్రం "లోకం తీరే అంత" అన్న సమాధానం ఎదురవుతుంది. ఆ సమాధానం పదిసార్లు విన్న తరువాత పిల్లలు అడగడం మానుకుంటారు. మరికొంత కాలానికి గమనించడం కూడా మానుకుంటారు. అసమానత తరతరాలుగా నిలిచి ఉండటానికి బలవంతుల బలం ఎంత కారణమో, చిన్ననాడే ఆగిపోయిన ఈ ప్రశ్న కూడా అంతే కారణం.

పాఠశాలలో ఈ విషయం సాంఘికశాస్త్రంలో ఒక అధ్యాయంగా వస్తుంది. వివక్షకు కారణాలు, దుష్ఫలితాలు, నివారణోపాయాలు అనే శీర్షికల కింద విద్యార్థులు సమాధానాలు రాసి మార్కులు పొందుతారు. భారత రాజ్యాంగంలోని 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం ప్రాతిపదికలపై వివక్షను నిషేధించిందనీ, 17వ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసిందనీ వారికి కంఠస్థమే. ఆ జ్ఞానం అవసరమైనదే. అయితే పరీక్షలో సరియైన సమాధానం రాసిన విద్యార్థి ఇంటికి వెళ్ళి, కిటికీలోని ఆ గ్లాసును చూసి ఒక్క క్షణం ఆగుతాడా అన్నది వేరే ప్రశ్న. చదివినదానికీ చూసినదానికీ మధ్య వారధి కట్టగల మార్గాలను విద్యారంగం ఇంకా వెతకవలసి ఉంది.

పిల్లలందరూ కలిసి సామాజిక అసమానతను గురించి ఒక వైజ్ఞానిక కల్పనా కథను అల్లుకొని, దానిని యానిమేషన్ లఘుచిత్రంగా తయారుచేయడం అటువంటి మార్గాల్లో ఒకటి. ఇది సెలవుల్లో కాలక్షేపంగా కాక, చదువులో భాగంగా సాగవలసిన పని. యానిమేషన్‌లో ఏ బొమ్మా తనంతట తాను కదలదు. వైజ్ఞానిక కల్పనలో ఏ నియమమూ తనంతట తాను పుట్టదు. ఈ రెండు సంగతులనూ చేతులతో నేర్చుకున్న పిల్లలు తమ చుట్టూ ఉన్న లోకాన్ని చూసి కూడా "దీనిని ఇలా చేసినవారు ఎవరు?" అని అడగగలుగుతారు.

కదలని బొమ్మల్లో కదలికను కల్పించే కళ యానిమేషన్. ప్రాణం పోయడం అనే అర్థం గల లాటిన్ మాట నుంచి ఆ పేరు వచ్చింది. చలనచిత్రం తెరపై సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. ఒక్కొక్క భంగిమను రెండు ఫ్రేముల పాటు నిలిపే పద్ధతిలో సెకనుకు 12 భంగిమలు సరిపోతాయి. ఆ లెక్కన మూడు నిమిషాల చిత్రానికి 2,160 ఫొటోలు తీయాలి. తెరపై ఒక బొమ్మ చెయ్యెత్తి నమస్కరించాలంటే, ఆ చెయ్యి ప్రతిసారీ ఎంత జరగాలో ఒకరు నిర్ణయించాలి, ఒకరు జరపాలి, ఒకరు ఫొటో తీయాలి. తెరపై రెండు సెకన్లలో ముగిసే ఆ నమస్కారం వెనుక 24 సార్లు జరిగిన శ్రమ ఉంటుంది. ఈ శ్రమను ఒకసారి అనుభవించిన విద్యార్థి తెరపై కనిపించే దేనినీ అది సహజంగా అలా ఉన్నదని భావించడు.

ఈ కళకు ఖరీదైన సామగ్రి తప్పనిసరి అన్నది ఒక అపోహ. 1908లో ఫ్రాన్సులో ఎమిల్ కోల్ సుమారు 700 రేఖాచిత్రాలతో 'ఫాంటస్మగోరీ' అనే చిత్రాన్ని రూపొందించాడు. భారతీయ చలనచిత్ర పితామహుడు దాదాసాహెబ్ ఫాల్కే 1915లో అగ్గిపుల్లలను ఒక్కొక్కటిగా జరుపుతూ ఒక లఘుచిత్రం తీశాడు. 1926లో జర్మనీకి చెందిన లోటె రైనిగర్ నల్లని అట్టలను పాత్రల ఆకారంలో కత్తిరించి, కీళ్ళ దగ్గర సన్నని తీగతో బిగించి, కింద దీపం వెలిగే గాజు పలక మీద వాటిని కదిలిస్తూ 'ది అడ్వెంచర్స్ ఆఫ్ ప్రిన్స్ అహ్మద్' అనే పూర్తినిడివి చిత్రాన్ని నిర్మించింది. ఆమె పద్ధతి తెలుగువారికి వింతగా తోచదు. తోలుబొమ్మలాటలో చేతులూ కాళ్ళూ కీళ్ళ దగ్గర దారంతో వదులుగా కట్టిన బొమ్మలు, వెలుగు నిండిన తెల్లని తెర మీద ఆడుతూ రామాయణ భారత కథలను తరతరాలుగా వినిపించాయి. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంటలో ఆ బొమ్మలు తయారుచేసే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. అట్టబొమ్మల యానిమేషన్‌కు పూనుకొనే తెలుగు పిల్లలు పరాయి విద్యను అరువు తెచ్చుకోవడం లేదు. తాతల నాటి విద్యకు కొత్త పనిముట్టును జోడిస్తున్నారు.

సమాజానికి ఉపయోగపడే భావాలను కదిలే బొమ్మలతో చెప్పడం కూడా కొత్త కాదు. ఫిల్మ్స్ డివిజన్ 1957లో 'ది బన్యన్ డీర్' పేరుతో ఒక జాతక కథను యానిమేషన్ చిత్రంగా అందించింది. అదే సంస్థ కోసం విజయా మూలే 1974లో రూపొందించిన 'ఏక్ అనేక్ ఔర్ ఏక్తా' దూరదర్శన్ ద్వారా దేశమంతటా పరిచితమయింది. వలలో చిక్కిన పక్షులు ఒక్కటై వలతో సహా ఎగిరిపోయే ఆ కథ, చిన్నయసూరి నీతిచంద్రికలోని మిత్రలాభం చదివినవారికి చిత్రగ్రీవుని గుర్తుకు తెస్తుంది. కెనడాలో నార్మన్ మెక్‌లారెన్ 1952లో తీసిన 'నైబర్స్' అనే ఎనిమిది నిమిషాల చిత్రం, సరిహద్దులో పూసిన ఒక్క పువ్వు కోసం ఇద్దరు ఇరుగుపొరుగువారు సర్వనాశనమయ్యే తీరును మాటలు లేకుండానే చూపించింది. పెద్ద ప్రశ్నకు పెద్ద నిడివి అవసరం లేదని ఈ చిత్రాలు నిరూపించాయి.

అయితే ఇవన్నీ పెద్దలు తయారుచేసి చూపినవి. పిల్లలు చూసేవారుగానే మిగిలారు. పిల్లలే తయారుచేసేవారు కావడం మరొక మెట్టు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఇవాన్ ఆండర్సన్ 1963లో ఆరంభించిన 'ఎల్లో బాల్ వర్క్‌షాప్'లో కథ అల్లడం, బొమ్మలు చేయడం, ఫొటోలు తీయడం అన్నీ పిల్లలే చేశారు. హైదరాబాదు వేదికగా జరిగిన అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవాల్లో పిల్లలు స్వయంగా తీసిన చిత్రాల కోసం 'లిటిల్ డైరెక్టర్స్' అనే విభాగాన్ని ఏర్పాటు చేశారు. పిల్లలు చిత్రాలు తీయగలరా అన్న సందేహానికి ఇవి చాలిన సమాధానాలు. వారు దేనిని గురించి తీయాలి, ఎలా తీయాలి అన్నదే ఇక మిగిలిన విషయం.

అసమానతను గురించి చెప్పడానికి వైజ్ఞానిక కల్పనే ఎందుకు? ఉన్నది ఉన్నట్లు తీస్తే సరిపోదా? ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానం ఆ సాహిత్యప్రక్రియ చరిత్రలోనే ఉంది. హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన 'ది టైమ్ మెషీన్' కథానాయకుడు 8,02,701వ సంవత్సరానికి ప్రయాణించి, నేల మీద సుఖజీవులైన ఇలాయ్‌లను, నేల కింద యంత్రాల మధ్య బతికే మోర్లాక్‌లను చూస్తాడు. వెల్స్ చూపినది సుదూర భవిష్యత్తే అయినా, ఆ చీలిక ఆనాటి ఇంగ్లాండులోని యజమానులకూ కార్మికులకూ మధ్య ఉన్నదే. 1927లో వచ్చిన ఫ్రిట్జ్ లాంగ్ చిత్రం 'మెట్రోపొలిస్' కూడా ఆకాశహర్మ్యాల్లో యజమానులనూ పాతాళంలో శ్రామికులనూ నిలిపి ఒకే నగరాన్ని రెండుగా చూపించింది.

ఇంకా సమీపంలో మరొక ఉదాహరణ ఉంది. బెంగాలుకు చెందిన రొకేయా సఖావత్ హుస్సేన్ రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' అనే ఆంగ్ల కథ 1905లో మద్రాసు నుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో అచ్చయింది. ఆ కథలోని దేశంలో స్త్రీలు సూర్యశక్తిని ఒడిసిపట్టి వంటకు వాడుకుంటారు, మేఘాల నుంచి నీటిని గ్రహిస్తారు, ఆకాశయానాల్లో తిరుగుతారు. పురుషులు నాలుగు గోడల మధ్య పరదాలో ఉంటారు. లోకంలో ఉన్న ఆచారాన్ని రొకేయా తలకిందులు చేసింది. అంతే, ఆ ఆచారంలోని అన్యాయం ఎవరూ వివరించకుండానే బయటపడింది. 2023లో స్పెయిన్ దర్శకురాలు ఇసాబెల్ హెర్గెరా ఈ కథ స్ఫూర్తితో యానిమేషన్ చిత్రం తీయడాన్ని బట్టి, నూరేళ్ళు దాటినా ఆ కల్పనకు వన్నె తగ్గలేదని తెలుస్తుంది.

కల్పన ద్వారా కఠోర సత్యాన్ని చెప్పడం తెలుగు సాహిత్యానికీ తెలిసిన మార్గమే. గుర్రం జాషువ 1941లో వెలువరించిన 'గబ్బిలం' వైజ్ఞానిక కల్పన కాదు. కాని దేవాలయ ప్రవేశం లేని మనిషి తన మొరను కాశీవిశ్వేశ్వరునికి వినిపించడానికి, గుడిలో స్వేచ్ఛగా వేలాడే గబ్బిలాన్ని దూతగా ఎన్నుకోవడంలో ఉన్న ఊహ ఎంత పదునైనదో పాఠకులకు తెలుసు. మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉన్నదన్న ఒక్క విషయం చాలు. ఒక అద్భుతమైన ఊహ, వంద ఉపన్యాసాలు చేయలేని పనిని చేస్తుంది.

పిల్లల విషయంలో కల్పనకు మరొక ప్రయోజనం ఉంది. అది వారి ఆత్మగౌరవానికి సంబంధించినది. "నీకు జరిగిన అవమానాన్ని చెప్పు" అని తరగతిలో అందరి ముందు అడిగితే ఏ బిడ్డా నోరు విప్పడు. విప్పితే ఆ అవమానం రెండవసారి జరిగినట్లవుతుంది. తన తల్లి ఏ పని చేస్తుందో, తన ఇల్లు ఊరిలో ఏ దిక్కున ఉందో చెప్పుకోవలసిన అగత్యం లేకుండా, "ఆ గ్రహం మీద కొందరికి తలుపులు తెరుచుకోవు" అని చెప్పే స్వేచ్ఛను వైజ్ఞానిక కల్పన ఇస్తుంది. బాధపడినవారు ఆ మాటలో తమ అనుభవాన్ని దాచుకోగలరు. బాధపడనివారు ఆ గ్రహవాసిగా మారి ఆ అనుభవాన్ని ఊహించగలరు. ఒకే కథ ఇద్దరికీ రెండు వేర్వేరు ద్వారాలు తెరుస్తుంది.

ఒక తరగతి పిల్లలు ఈ విధమైన కథను అల్లుకున్నారని ఊహించవచ్చు. దూరాన ఒక గ్రహం. అక్కడ అందరూ ఆకాశాన్ని అంటే ఒకే గోపురంలో నివసిస్తారు. ఎండ పై అంతస్తుల మీద మాత్రమే పడుతుంది. అక్కడి పెద్ద అద్దాలు ఆ వెలుగును పట్టి సీసాల్లో నింపుతాయి. కింది అంతస్తుల వారు ఆ సీసాలను కొనుక్కోవాలి. ప్రతిరోజూ తెల్లవారుజామున ఆ అద్దాలను తుడవడానికి మెట్లెక్కి వెళ్ళేది మాత్రం కింది అంతస్తుల వారే. వారిలో ఒక చిన్న పిల్ల ఉంది. నగరానికంతటికీ వెలుగునిచ్చే అద్దాన్ని ఆమె తుడుస్తుంది. ఆమె ఇంట్లో మాత్రం రాత్రి చదువుకోవడానికి సీసా ఉండదు. వెలుగు ఏ అంతస్తు మీద పడితే ఆ అంతస్తు వారిదే అన్నది ఆ గ్రహం నియమం.

ఈ కథను ముగించడం దగ్గర అసలైన చదువు మొదలవుతుంది. పై అంతస్తు రాకుమారుడు జాలిపడి ఆ పిల్లకు ఒక సీసా బహుమతిగా ఇస్తాడని కొందరు అంటారు. సీసా ఎన్నాళ్ళు వస్తుందని మరికొందరు అడుగుతారు. అది అయిపోయిన మరునాడు ఏమవుతుంది? ఒక రోబో వచ్చి గోపురాన్ని కూల్చివేస్తుందని మరొక జట్టు అంటుంది. గోపురంతో పాటు అద్దాలూ పగిలితే ఎవరికీ వెలుగు మిగలదు. ఆ పిల్ల బాగా చదువుకొని పై అంతస్తుకు వెళ్ళిపోతుందని ఒకరు సూచిస్తే, మరి అద్దం తుడిచే పని ఇంకొక పిల్ల మీద పడుతుంది కదా అని వేరొకరు ఆక్షేపిస్తారు. చివరకు ఒకరోజు అద్దాలు తుడిచేవారెవరూ మెట్లెక్కరు. నాలుగు రోజుల్లో దుమ్ము పేరుకొని గోపురమంతా చీకటవుతుంది. అప్పుడు మాత్రమే పైవారూ కిందివారూ ఒకే అంతస్తులో కూర్చొని, ఆ నియమాన్ని రాసినదెవరని మొదటిసారి ప్రశ్నించుకొంటారు. ఒక అద్దాన్ని కిందివైపు తిప్పడంతో కథ ముగుస్తుంది.

ఈ ముగింపే సరియైనదని అనవలసిన పని లేదు. మరొక తరగతి మరొక ముగింపును ఎన్నుకోవచ్చు. కాని ఆ చర్చలో పిల్లలు దయకూ న్యాయానికీ మధ్య ఉన్న తేడాను గ్రహిస్తారు. ఒక్కరు పైకి వెళ్ళడం వేరు, ఏర్పాటు మారడం వేరు అని తెలుసుకుంటారు. విధ్వంసం పరిష్కారం కాదని ఎవరో చెప్పగా విని కాక, తమ కథ ముందుకు నడవకపోవడం వల్ల తెలుసుకుంటారు. ఏ నీతిబోధా ఇంత లోతుగా నాటుకోదు.

కథ కుదిరిన తరువాత పని మొదలవుతుంది. సన్నివేశాలను వరుసగా చిన్న చిన్న గళ్ళలో గీసుకొనే స్టోరీబోర్డు తయారవుతుంది. చెప్పుల అట్టపెట్టెలను ఒకదానిపై ఒకటి పేర్చితే గోపురం. బిస్కెట్ పొట్లం లోపలి మెరిసే కాగితం అద్దం. పసుపుపచ్చ గాజుకాగితం చుట్టిన టార్చిలైటు సీసాలోని వెలుగు. కదలకుండా ఒక చట్రానికి బిగించిన సెల్‌ఫోను కెమెరా అవుతుంది. చాటలో బియ్యం దొర్లిస్తే వాన చప్పుడు, కొబ్బరిచిప్పలు తడితే అడుగుల చప్పుడు వస్తాయి. గణితం, భౌతికశాస్త్రం, భాష, చిత్రలేఖనం వేర్వేరు పీరియడ్లలో ఉండిపోకుండా ఒకే బల్ల దగ్గర కలుసుకుంటాయి.

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. అసమానతను గురించి చిత్రం తీస్తున్న తరగతిలోనే అసమానత నిశ్శబ్దంగా పనిచేయవచ్చు. ఇంట్లో కంప్యూటరు ఉన్న విద్యార్థి సహజంగానే దర్శకుడవుతాడు. చక్కగా మాట్లాడగలిగినవాడు కథ చెప్తాడు. రంగులు వేయడం ఆడపిల్లల వంతు అవుతుంది. వెనుక బెంచీ పిల్లవాడికి చివర కాగితపు ముక్కలు ఊడ్చే పని మిగులుతుంది. పూర్తయిన చిత్రం ఎంత గొప్పగా ఉన్నా, అది అద్దం తుడిచే పిల్ల కథను మరొక అద్దం తుడిచే పిల్ల చేత తీయించినట్లే. అందువల్ల పనులు వంతులవారీగా మారాలి. ఈ రోజు ఊడ్చినవారు రేపు కెమెరా దగ్గర నిలవాలి. కెమెరా పట్టినవారు చీపురు పట్టాలి. చిత్రం చివర పేర్లు హోదాల క్రమంలో కాక అక్షరక్రమంలో రావాలి. చిత్రం కొంచెం ఆలస్యం కావచ్చు, బొమ్మలు కొంచెం వంకరగా కదలవచ్చు. ఆ నష్టాన్ని భరించడానికి సిద్ధపడని ఉపాధ్యాయులు ఈ పనికి పూనుకోకపోవడమే మంచిది.

బొమ్మల విషయంలోనూ ఇటువంటి జాగరూకతే అవసరం. పిల్లలు రంగుల పెట్టెలోని లేత గులాబిరంగు క్రేయానును "స్కిన్ కలర్" అని పిలవడం పరిపాటి. ఆ పేరుతో పిలిచే చాలామంది చేతుల రంగుకూ ఆ క్రేయాను రంగుకూ పోలిక ఉండదు. మంచి పాత్రకు ఆ రంగు, దుష్టపాత్రకు నలుపు వేయడం కూడా చెయ్యి అలవాటుగా చేసే పని. వేరే గ్రహం మీది మనుషులకు ఏ రంగు వేయాలన్న చర్చ వచ్చినప్పుడు ఆ అలవాటు పట్టుబడుతుంది. సంభాషణల దగ్గర మరొక చిక్కు ఉంది. తెలుగు చలనచిత్రాల్లో నాయకుడు గ్రాంథికానికి దగ్గరగా మాట్లాడితే సేవకుడో హాస్యగాడో ఒక ప్రాంతపు యాసలో మాట్లాడటం చాలాకాలం ఆనవాయితీగా సాగింది. పిల్లలు తమ చిత్రంలో రాజుకు ఏ యాస ఇస్తారు, అద్దం తుడిచే పిల్లకు ఏ యాస ఇస్తారు? శ్రీకాకుళం మాట, కరీంనగర్ మాట, కడప మాట అన్నీ ఆ గోపురంలోని ఏ అంతస్తులోనైనా వినిపించవచ్చునని నిర్ణయించుకున్ననాడు, ఆ తరగతి భాషను గురించి ఒక పెద్ద సత్యాన్ని గ్రహించినట్లే.

ఈ ప్రయత్నంపై కొన్ని ఆక్షేపణలు రావచ్చు. పసివారి మీద ఇంత బరువైన విషయం మోపడం ఉచితమా అన్నది మొదటిది. వయస్సు చిన్నదని వివక్ష ఎవరినీ వదిలిపెట్టదు. వేరే గ్లాసును చూసి నొచ్చుకొనే బిడ్డకు ఆ నొప్పిని గురించి మాట్లాడే వయస్సు ఇంకా రాలేదనడం న్యాయం కాదు. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశం 1992లో చేరింది. పిల్లలకు తమ భావాలను మాట, రాత, కళ లేదా తమకు నచ్చిన మరే మాధ్యమం ద్వారానైనా వ్యక్తం చేసే స్వేచ్ఛ ఉందని దాని 13వ అధికరణం స్పష్టం చేస్తుంది. కనుక ఇది పెద్దలు దయతలచి ఇచ్చే అవకాశం కాదు, పిల్లల హక్కు.

పెద్దల అభిప్రాయాలనే పిల్లల నోట పలికిస్తారన్నది రెండవ ఆక్షేపణ. ఇది తోసిపుచ్చదగినది కాదు. ఉపాధ్యాయుడు రాసిన సంభాషణలను పిల్లలు వల్లించిన చిత్రాలకు కొదవ లేదు. వాటిలో చివర ఒక బాలుడు తెర మధ్యకు వచ్చి, అందరూ సమానమే అని ప్రకటిస్తాడు. చూసేవారు చప్పట్లు కొట్టి మరచిపోతారు. దీనికి మందు ఒక్కటే. ఉపాధ్యాయుడు సమాధానాలు ఇవ్వకూడదు, ప్రశ్నలు ఇవ్వాలి. "సీసా అయిపోతే ఏం జరుగుతుంది?" అన్న ప్రశ్న వేయడం అతని ధర్మం. దానికి జవాబు చెప్పడం పిల్లల పని. ఆ జవాబు అతనికి నచ్చకపోయినా కథలో నిలవాలి.

సాంకేతిక సాధనాలే అసమానంగా పంపిణీ అయి ఉన్నప్పుడు ఈ ప్రయోగం సంపన్న పాఠశాలలకే పరిమితం కాదా అన్నది మూడవది. 2020లో కరోనా కారణంగా పాఠశాలలు మూతపడి పాఠాలు ఫోన్లలోకీ టీవీల్లోకీ మారినప్పుడు, ఇంటికి ఒకే ఫోను ఉండి అది కూడా తండ్రితో పాటు పనికి వెళ్ళిపోయే కుటుంబాల పిల్లలు ఏమి కోల్పోయారో లోకానికి తెలుసు. కాని ఈ చిత్రానికి ప్రతి విద్యార్థికీ ఒక ఫోను అవసరం లేదు. తరగతికంతటికీ ఒక్కటి చాలు. పంచుకోక తప్పని పరిస్థితి ఇక్కడ లోపం కాదు, పాఠంలో భాగం.

ఇటీవలి కాలంలో కృత్రిమ మేధకు ఒక వాక్యం అందిస్తే క్షణాల్లో కదిలే బొమ్మలను తయారుచేసి ఇస్తున్నది. అటువంటప్పుడు 2,160 సార్లు అట్టముక్కను జరపడం వృథాశ్రమ కాదా అని అడిగేవారున్నారు. ఆ యంత్రాలు లోకంలో అదివరకే ఉన్న బొమ్మల నుంచి నేర్చుకుంటాయి. పాత బొమ్మల్లోని పాత అలవాట్లు, ఎవరు రాజు, ఎవరు సేవకుడు అన్న ఊహలు, కొత్త బొమ్మల్లోకి కూడా ప్రవహించే అవకాశం ఉంది. చేత్తో జరిపే బొమ్మ దగ్గర ప్రతి కదలికకూ ఒక నిర్ణయం ఉంటుంది. ఆ నిర్ణయానికి ఒక విద్యార్థి బాధ్యత వహిస్తాడు. చిత్రం త్వరగా రావడం ముఖ్యమైతే యంత్రం మేలు. చిత్రం తీసినవారు మారడం ముఖ్యమైతే అట్టముక్కే మేలు.

ఒక చిన్న చిత్రంతో అసమానత తొలగిపోతుందా అన్నది చివరి ప్రశ్న. తొలగిపోదు. భూమి, కూలి, చదువు, చట్టం మొదలైన వాటిలో రావలసిన మార్పులకు ఏ చిత్రమూ ప్రత్యామ్నాయం కాజాలదు. అద్దం కిందివైపు తిరిగిన కథ తీసిన మరునాడు కూడా ట్యాంకరు పక్క వీధికే వస్తుంది. అయితే ఆ చిత్రాన్ని బడి ఆవరణలో ఊరివారందరి ముందు ప్రదర్శించినప్పుడు, ఎవరు కుర్చీల్లో కూర్చున్నారో, ఎవరు నేల మీద కూర్చున్నారో, ఎవరు గోడ దగ్గరే నిలబడిపోయారో ఆ పిల్లలు చూస్తారు. ఇంతకుముందు చూసి ఉండకపోవచ్చు. ఆ కుర్చీలను ముందే గుండ్రంగా వేయించాలన్న ఆలోచన వారిలో ఒకరికి వస్తే, ఆ తరగతి పడిన శ్రమ ఫలించినట్లే.

చదువు ధ్యేయం లోకాన్ని అర్థం చేసుకోవడం మాత్రమే కాదు, లోకం మనుషులు చేసినదని అర్థం చేసుకోవడం కూడా. మేజా మీద అట్టబొమ్మను ఒకసారి కదిపి, ఫొటో తీసి, మళ్ళీ కదిపిన బిడ్డకు ఒక విషయం బాగా తెలుసు: బొమ్మ ఇటు వంగిందంటే ఎవరో ఇటు వంచారు, దానిని అటు నిలబెట్టడం కూడా చేతిలో పనే. "లోకం తీరే అంత" అన్న మాట ఎదురైనప్పుడు ఆ బిడ్డ తల ఊపి ఊరుకోదు. ఆ తీరును దిద్దినవారు ఎవరని అడుగుతుంది. ఆ ప్రశ్నను అణచివేయకుండా వినగల పెద్దలు ఆ ఇంట్లో, ఆ బడిలో ఉండటమే ఇక కావలసినది.